పెళ్ళి క్యాసెట్టు చివర పదకొండు నిమిషాలు

మనకు ఖరీఫ్ అంటే పంట. ఇక్కడ రైసూత్‌లో ఖరీఫ్ అంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే సన్నటి తుంపర. ఎడారి దేశంలో చెప్పులకు బూజు పడుతుందంటే ఊళ్ళో ఎవరూ నమ్మరు. ఆ బూజే మా బాబాయి వదిలి వెళ్ళిన ట్రంకుపెట్టెలోని ఇరవై వీడియో క్యాసెట్లకూ పట్టింది. రేవు పనిమీద నేనిక్కడికి వచ్చాక, ఆయన పాత రూమ్మేటు, ఒక మలయాళీ పెద్దాయన, ఆ పెట్టె నాకు అప్పగించాడు.

బాబాయి 1984లో ఇక్కడొక కంపెనీలో ఫిట్టరుగా చేరాడు. మొదటి సెలవుకు వీసీఆర్ తెచ్చి హైదరాబాదులో మా ఇంట్లో పెట్టాడు. ఆ తర్వాత ప్రతి ఉత్తరంలోనూ ఒకటే కోరిక: తెలుగు వార్తలు రికార్డు చేసి పంపమని. నాన్న బటన్ నొక్కేవాడు. ఎర్ర దీపం వెలిగిందో లేదో చూడటం నా ఉద్యోగం. ఒమన్‌దీ మనదీ ఒకే పాల్ పద్ధతి కాబట్టి సరిపోయింది. అమెరికా బంధువులకు పంపితే వాళ్ళ ఎన్‌టీఎస్‌సీ డెక్కులో గీతలే కనపడేవి.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ వార్తల వయసెంతని! అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఆరు రాష్ట్రాల్లో 2400 గ్రామాలకు టీవీ చూపించిన 'సైట్' ప్రయోగంలో తెలుగు పల్లెలూ ఉన్నాయి. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది. 1983 నవంబరు 14న శాంతి స్వరూప్ తొలి తెలుగు వార్తలు చదివారు. టెలిప్రాంప్టర్ లేని రోజులవి. ఆయన 2024 ఏప్రిల్‌లో కన్నుమూశారు. అన్నట్టు, సలాలాలో టీవీ 1975లోనే రంగుల్లో మొదలైంది. మనకు రంగులొచ్చింది 1982లో.

ప్రత్యక్షంగా చదివిన వార్తలు చదివినంతసేపే. టేపు ఖరీదైన సరుకు, పాతది చెరిపి కొత్తది ఎక్కించడం టీవీ తొలినాళ్ళలో అన్ని దేశాల్లోనూ ఉన్నదే. చంద్రుడి మీద తొలి అడుగు తాలూకు అసలు టేపులనే నాసా చెరిపి మళ్ళీ వాడేసిందని 2009లో తేలింది. టీవీ సంస్థల దగ్గర మిగిలిన నకళ్ళతో ఆ బొమ్మను బాగుచేయించారు. మన మొదటి టాకీ, 1932 నాటి 'భక్త ప్రహ్లాద'కు ఆ అదృష్టమూ లేదు, ఒక్క ప్రింటూ మిగల్లేదు. అందుకే ఇళ్ళలోని క్యాసెట్లను నేను తేలిగ్గా తీసుకోను. భద్రంగా దాచానని మురిసిపోయేవాళ్ళను చూస్తే మాత్రం కోపం వస్తుంది. టేపును దాచడం కాదు, నకలు తియ్యాలి. అయస్కాంత టేపులకు గడువు 2025 అని యునెస్కో వాళ్ళు 2019లోనే హెచ్చరించారు. వీసీఆర్‌ల తయారీ 2016లోనే ఆగిపోయింది.

వెయ్యి కిలోమీటర్ల అవతల మస్కట్ రూవీలో పాత సామాన్ల కొట్టులో రెండు వీసీఆర్‌లు కొన్నాను. రెండెందుకంటే, బూజు హెడ్డుకు అంటుకుని తర్వాతి టేపుకూ ఎక్కుతుంది. ఒకటి తుడవడానికి, ఒకటి నకలు తీయడానికి. ఎఫ్‌ఎఫ్‌వీ1లో, నష్టం లేకుండా, గంటకు పాతిక ముప్ఫై జీబీ. గంట టేపుకు గంట కూర్చోవాల్సిందే, అడ్డదారి లేదు.

ఏడో క్యాసెట్టు మీద నాన్న చేతిరాత: 'వార్తలు', దాన్ని కొట్టేసి 'చెల్లాయి పెళ్ళి, 1987'. ఆ పెళ్ళికి బాబాయి రాలేకపోయాడు. మంచి టేపు దొరక్క వార్తల మీదే పెళ్ళి ఎక్కించి పంపాం. పెళ్ళి అయిపోయాక చివర పదకొండు నిమిషాల వార్తలు, వాక్యం మధ్యలోంచి, అద్దంలా ఉన్నాయి. బూజు తిన్నది మాత్రం నానమ్మ కెమెరా ముందుకొచ్చిన చోటు. బొమ్మంతా గీతలే. అయితే వీహెచ్‌ఎస్‌లో మాట టేపు అంచున వేరే దారిలో ఉంటుంది, అది మిగిలింది.

వరంగల్‌కు ఫోన్ చేసి స్పీకరు దగ్గర పెట్టాను. "ఒరేయ్ అబ్బాయీ, వేళకు తింటున్నావా?" అంటోంది నానమ్మ. బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మళ్ళీ పెట్టరా" అన్నాడు.

టేపు పెట్టలేదు. నకలు పెట్టాను.