మట్టిలో అనువాదం

అనువాదానికీ అనుకరణకూ హద్దు ఎక్కడ? తెలుగు పండితులకిది ఎన్నటికీ తెగని వాదం. నన్నయ భారతాన్ని తెనిగించాడా, తిరిగి రచించాడా అని తరగతిలో పిల్లలచేత వాదింపజేయడం ఉద్యోగకాలంలో నాకెంతో ఇష్టమైన పని. గోల్ఫ్ మైదానాల చరిత్ర చదువుతూంటే ఆ ప్రశ్నే నేలమీద పరచినట్టు కనిపించింది. బంతాటతో మనకేం పని అనకుండా చదువరులు కాస్త ఓపిక పట్టాలి.

చికాగోలో పెరిగిన చార్లెస్ బ్లెయిర్ మాక్డొనాల్డ్ 1872లో చదువుకోసం స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ వెళ్ళి, గోల్ఫ్ మీద మక్కువతో తిరిగివచ్చాడు. తరువాతి కాలంలో బ్రిటన్ మైదానాలలోని ఉత్తమమైన హోల్స్‌ను పరిశీలించి, వాటి సారంతో న్యూయార్కు రాష్ట్రంలోని లాంగ్ ఐలండ్‌లో ‘నేషనల్ గోల్ఫ్ లింక్స్’ నిర్మించాడు. 1911లో దానికి ప్రారంభోత్సవం జరిగింది.

హోల్ అంటే బంతి పడే గుంట ఒక్కటే కాదు. తొలి దెబ్బ కొట్టే చోటినుండి ఆ గుంట వరకు ఉన్న నేలంతా. నార్త్ బెర్విక్‌లో ‘రెడాన్’ అనే హోల్ ఉంది. క్రిమియా యుద్ధంనాటి కోట పేరు అది. గుంట ఉన్న పచ్చిక తిన్నె కుడివైపు ముందుభాగంనుండి ఎడమవైపు వెనుకకు వాలి ఉంటుంది. ఎడమవైపున ఇసుక గొయ్యి కాపలా కాస్తుంది. సూటిగా గురిపెట్టినవాడికి చిక్కు. కుడి భుజంమీద బంతిని దించి వాలు వెంట దొర్లనిచ్చినవాడికి ఫలం. మాక్డొనాల్డ్ తీసుకున్నది ఈ సమస్యను. మూలంలో కొట్టేవాడికి తిన్నె ఉపరితలం కనబడదు. ఆయన దానిని కనబడేటట్టు చేశాడు. సమస్య అదే, పూరణ వేరు!

2010లో ఆరెగాన్ రాష్ట్రపు పసిఫిక్ తీరంలో, బాండన్ డ్యూన్స్ వద్ద, టామ్ డోక్, జిమ్ అర్బినా కలిసి ‘ఓల్డ్ మాక్డొనాల్డ్’ నిర్మించారు. ఆ మహానుభావుడు ఈ ఇసుకదిబ్బలను చూసి ఉంటే ఏం చేసేవాడు అన్నదే వారు వేసుకున్న ప్రశ్న. రెడాన్ అక్కడా ఉంది, కాని ఆ నేల చెప్పినట్టు ఉంది.

ఇదే డోక్ మరొక పనీ చేశాడు. మాక్డొనాల్డ్ న్యూయార్కు దగ్గర సముద్రతీరాన కట్టిన ‘లీడో’ మైదానం రెండవ ప్రపంచయుద్ధకాలంలో అంతరించింది. పాత ఛాయాచిత్రాల ఆధారంగా దానిని కంప్యూటరులో తిరిగి రూపొందించి, ఆ కొలతల ప్రకారం 2023 నాటికి విస్కాన్సిన్‌లో పునర్నిర్మించారు. శిథిల తాళపత్రానికి పాఠపరిష్కరణ చేయడం వంటిదే ఇది. అక్కడ స్వంత కవిత్వం జోడించడం అపచారం.

ఈ రెండింటిలో గురువుకు దగ్గరైనది ఏది? లీడోలో ఆయన అక్షరాలు నిలిచాయి, నిజమే. కాని మాక్డొనాల్డ్ తానే పూర్వుల అక్షరాన్ని వదలి భావాన్ని పట్టుకున్నవాడు. తాను తాకని నేలమీద, తన పద్ధతిలో పుట్టిన ఓల్డ్ మాక్డొనాల్డే ఆయనకు అసలైన వారసత్వమని నా అభిప్రాయం. పోయినదానిని అక్షరం తప్పకుండా నిలపాలి. ఉన్నదానిని మాత్రం మన నేలకు తగినట్టు మళ్ళీ పలికించాలి.

మీరేమంటారు?