మాత్స్యన్యాయమును మన రొయ్యలును

పెద్దచేప చిన్నచేపను మ్రింగుటను మన పూర్వులు మాత్స్యన్యాయ మనిరి. దండనీతి లేనిచో నిది ప్రబలునని కౌటిల్యుని మతము. రాజ్యమునకు రాజు గలఁడు; రాజ్యముల నడుమ ధర్మము నిలుపువా రెవ్వరు? పెదపాడు ప్రాంతపు చెఱువుగట్టున నిలిచి యీ ప్రశ్నను విచారింపవచ్చును.

1944లో బ్రెటన్‌వుడ్స్ అను తావున 44 దేశములవారు కూడి అంతర్జాతీయ ద్రవ్యనిధిని, ప్రపంచబ్యాంకును స్థాపింప నిశ్చయించిరి. అందు భారతప్రతినిధులు నుండిరి. కాని దేశము పరాధీనము. 1995లో ప్రపంచ వాణిజ్యసంస్థ వెలసినపిదప బలహీనునకును వ్యాజ్యము వేయు మార్గ మేర్పడెను.

తాఁబేళ్లను రక్షించు సాధనమును వలలకు నమర్పని దేశముల సముద్రపు రొయ్యలను అమెరికా నిషేధింపఁగా, భారతము, మలేషియా, పాకిస్తాను, థాయిలాండు వాదించినవి. 1998లో అప్పీలు ధర్మాసనము ప్రాణిరక్షణ యుక్తమే యనియు, దేశములయెడ వివక్ష తగదనియు తీర్పు చెప్పెను. 2005లో అమెరికా మన రొయ్యలపై అదనపు సుంకమును విధించి, దిగుమతిదారులనుండి భారమైన హామీపత్రములను గోరెను. ఆ హామీ సమంజసము కాదని 2008లో నా ధర్మాసనమే నిర్ణయించెను.

ఆ యేఁటనే ఆర్థికసంక్షోభము వచ్చి, ధనికదేశములు జీ-20 నాయకుల సభకు భారతము, చైనా, బ్రెజిలు మున్నగువానిని బిలువవలసి వచ్చెను. అప్పుడు రిజర్వుబ్యాంకు గవర్నరు ఏలూరున జన్మించిన దువ్వూరి సుబ్బారావుగారు. అయినను పీఠము దొరకుట వేఱు, అధికారము దొరకుట వేఱు. 2016లో సంస్కరణ యమలునకు వచ్చినపిదపను ద్రవ్యనిధిలో మన వాటా నూటికి 2.75 మాత్రమే. ముఖ్యనిర్ణయములకు నూటికి 85 వంతుల యోట్లు కావలయును గనుక అమెరికా యొక్కటియే వానిని నిలుపఁగలదు. న్యాయమూర్తుల నియామకమును ఆ దేశమే యడ్డగింపఁగా 2019 డిసెంబరునుండి అప్పీలు ధర్మాసనము స్తంభించెను. 2025 ఆగస్టులో మన సరకులపై సుంకమును 50 శాతమునకుఁ బెంచినప్పుడు, రొయ్యలరైతు మొఱ వినుట కా పీఠము శూన్యముగా నుండెను.

కావున నవోదితదేశములు కోరవలసినది గౌరవాసనములను గాదు, ఎల్లరను గట్టివేయు నియమమును. ఆ నియమము మనలనుఁ గట్టును. 2002లో కొల్లేరు రామ్‌సార్ ఒడంబడిక పట్టికలోఁ జేరెను. 2006లో అభయారణ్యములోని అక్రమపు చెఱువుల గట్లను ప్రభుత్వము తెగఁగొట్టించెను. ధనవంతుఁడు సరస్సు నాక్రమించి, వలయు పడవయు మాత్రమే గల బెస్తవాని జీవిక హరించిన నదియు మాత్స్యన్యాయమే గదా! జెనీవాలో ధర్మము నడుగు జాతి దానిని కొల్లేటిలోఁ బాటించినపుడే యా మాటకు బలము కలుగును.