చదరంగం గళ్ళు, 256 ఏనుగులు, ఒక లారీ

మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... ఇలా 64 గళ్ళూ నింపమని రాజుగారిని అడిగినవాడి కథ మనందరికీ తెలిసిందే. మొత్తం గింజలు 18446744073709551615. ఎక్కడో చూసినట్టుందా? అన్‌సైన్డ్ 64 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య అదే మరి!

11వ శతాబ్దపు గణితకవి పావులూరి మల్లన పేరు మీద ఒక చంపకమాల ఉంది. ఈ ఇరవై అంకెలూ అందులో మాటలుగా ఉంటాయి. అగ్ని అంటే 3, వేదం అంటే 4, ఆకాశం అంటే సున్నా. అదీ ఒకట్ల స్థానం నుంచి మొదలు. మన భాషలో చెప్పాలంటే లిటిల్ ఎండియన్ అన్నమాట. ఒక్క అంకె కూడా తప్పు లేదు. కాకపోతే అందులో రాజు లేడు, ఆకలి లేదు. ఉన్నది లెక్కొక్కటే.

ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు దీనికి తిరకాసు. డేవిడ్ బర్చ్ రాసిన 'ది కింగ్స్ చెస్‌బోర్డ్' (1988)లో కథ రాజు అహంకారం గురించి. తనకి లెక్క తెలీదని ఒప్పుకోలేక ఇరుక్కుంటాడు. డెమీ రాసిన 'వన్ గ్రెయిన్ ఆఫ్ రైస్' (1997)లో చదరంగమే లేదు. రాజు రైతుల బియ్యం పన్నుగా లాగేసుకుని, కరువొస్తే కొట్లకి తాళం వేస్తాడు. రాణి అనే పల్లెటూరి పిల్ల 30 రోజుల రెట్టింపు అడిగి ఊళ్ళ ఆకలి తీరుస్తుంది. నాకు నచ్చింది ఇదే.

కానీ ఒక పేచీ ఉంది. 30వ రోజు 53,68,70,912 గింజలు మోయడానికి 256 ఏనుగులు బారులు తీరతాయి. గింజ 25 మిల్లీగ్రాములు అనుకుంటే మొత్తం 13 టన్నుల చిల్లర. ఏనుగుకి 52 కిలోలు! పాశమైలారం రోడ్డు మీద తిరిగే పది చక్రాల లారీ ఒక్కటి చాలు. ముప్ఫై రోజులదీ కలిపినా 27 టన్నులు దాటదు. అది ఎన్ని ఊళ్ళకి, ఎన్నాళ్ళు వస్తుంది?

అదే 64 గళ్ళూ నిండితే దాదాపు 46 వేల కోట్ల టన్నులు. ఇప్పటి లెక్కన ప్రపంచమంతా కొన్ని వందల ఏళ్ళు పండించాలి. అసలు భయం అక్కడుంది. ముప్ఫైలో ఆపేసి ఏనుగులతో భయపెడితే పిల్లలకి అది అందదు.

అందుకే మా ఇంట్లో పిల్లలకి చెప్పాల్సొస్తే రాణి కారణం తీసుకుంటా, మల్లన సంఖ్య తీసుకుంటా. పక్కన గుప్పెడు బియ్యం, ఒక తక్కెడ పెడతా. ఏనుగులు ఎన్ని కావాలో వాళ్ళే తేలుస్తారు.