జింకు జాడ చెప్పిన లోహాలు

మన రక్తంలో ఇనుము ఎర్రగా, ఎండ్రకాయ రక్తంలో రాగి నీలంగా కనిపిస్తాయి. జింకుకు ఆ అదృష్టం లేదు. ప్రొటీనులో కూర్చున్న జింకుకు రంగు లేదు, అయస్కాంత గుణమూ లేదు. అందుకే జీవరసాయన శాస్త్రంలో దాని చరిత్ర చాలావరకు ఇతర లోహాలు ఇచ్చిన సాక్ష్యంతోనే నడిచింది.

మొదటి విజయం మాత్రం సూటిగానే వచ్చింది. 1939-40లో కేంబ్రిడ్జిలో కీలిన్, మాన్ అనే ఇద్దరు పశువుల రక్తం నుంచి కార్బోనిక్ ఎన్‌హైడ్రేజ్ ఎంజైమును శుద్ధి చేశారు. ఎంజైము చురుకుదనం పెరిగేకొద్దీ అందులో జింకు పాలు కూడా పెరిగి, బరువులో 0.3 శాతం దాకా వెళ్లింది. మలినమైతే తగ్గిపోవాలి కదా!

ఉందని తేలింది సరే, అది చేసే పనేమిటి? 1960లలో స్వీడన్‌లో స్వెన్ లిండ్‌స్కోగ్ ఆ ఎంజైము నుంచి జింకును తీసేసి కోబాల్టును పెట్టాడు. ఎంజైము పనిచేసింది, పైగా రంగు తేలింది. క్షార ద్రావణంలో చిక్కటి నీలం. ఆమ్లం వైపు జరిపితే వెలిసిపోయేది. లోహాన్ని అంటుకున్న నీటి అణువు ఒక ప్రోటానును వదిలి హైడ్రాక్సైడుగా మారుతుందని, కార్బన్ డయాక్సైడు మీద పడేది అదేనని అర్థం చేసుకోవడానికి ఈ రంగు మార్పు ఎంతో సాయపడింది. జింకుతోనే పని చేసుంటే కంటికి ఏమీ ఆనేది కాదు.

రెండో సాక్షి కాడ్మియం. 1957లో హార్వర్డ్‌లో మార్గోషెస్, బర్ట్ వ్యాలీ గుర్రం మూత్రపిండంలో కాడ్మియాన్ని పట్టుకున్న ప్రొటీనును కనుగొన్నారు. విషలోహం కోసమే శరీరం ఒక ప్రొటీనును పెట్టుకుందా అన్న అనుమానం సహజం. 1960లో కేగీ, వ్యాలీ దానికి మెటాలోథయోనిన్ అని పేరు పెట్టారు. అందులో జింకూ ఉంది. నిజానికి కాడ్మియం అక్కడ చొరబాటుదారు: ప్రొటీనులోని గంధకాన్ని అది జింకు కన్నా వేల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. మూత్రపిండంలో ఏళ్ల తరబడి పేరుకుపోవడానికి ఇదొక కారణం. జపాన్‌లో జింజూ నది ఒడ్డున ఎముకలు విరిగి జనం విలవిల్లాడిన ఇటాయ్-ఇటాయ్ వ్యాధికి మూలమైన కాడ్మియం, ఎగువనున్న కామియోకా గని నుంచే వచ్చింది. అది జింకు తవ్విన గని.

ఆ చొరబాటుదారే మరో మేలు చేసింది. 1980లో ఓట్వోస్, ఆర్మిటేజ్ కాడ్మియం-113 ఐసోటోపు ఇచ్చే అయస్కాంత సంకేతాల్ని చదివి, ఈ ప్రొటీనులోని 7 లోహ అయాన్లు రెండు గుంపులుగా, ఒకదానిలో 4, మరోదానిలో 3 చొప్పున ఉన్నాయని చూపారు. సిస్టీన్ అనే ఎమైనో ఆమ్లాలు 20, వాటి గంధకాలు వాటిని చుట్టుముట్టి ఉంటాయి.

ఇంత బందోబస్తు చూస్తే జింకు కదలదనిపిస్తుంది. 1997లో వోల్ఫ్‌గాంగ్ మారెట్, వ్యాలీ బృందం రేడియోధార్మిక జింకుతో పరీక్షించింది. ఈసారి సాక్షి జింకే. ఒక మెటాలోథయోనిన్ నుంచి మరోదానికి అది నిమిషాల్లో చేతులు మారుతోంది! మరి అంత గట్టి పట్టు సడలేదెలా? జింకు తనంతట తాను ఆక్సీకరణ చెందదు; దాన్ని పట్టుకున్న గంధకం చెందుతుంది. గంధకం ఆక్సీకరణ చెందితే పట్టు సడలి జింకు బయటపడుతుంది, తిరిగి క్షయకరణ చెందితే మళ్లీ చిక్కుతుంది. 1998లో వాళ్లు ఈ సంగతి ప్రకటించాక, జింకు నిల్వ చేసే గోదాముగా అప్పటిదాకా చెప్పుకొన్న ప్రొటీను, కణంలో జింకు పంపిణీని నడిపేదిగా పరిశోధకుల చర్చల్లోకి వచ్చింది.