పదిమందిలో పాము చావదు: అగ్నిమాపక నాయకత్వం నేర్చుకున్న పాఠాలు

'పదిమందిలో పాము చావదు' అని మన పెద్దలు అనేవారు. కర్రలు పట్టుకున్నవారు పదిమంది ఉన్నా, ముందు ఎవరు కొట్టాలో తేలకపోతే పాము తప్పించుకుపోతుంది. మూడు తరాలుగా తెలుగు నేలకు దూరమై, సాయంకాలపు తరగతులలో అక్షరాలు దిద్దుకున్న మా వంటివారు కూడా ఇంట్లో విన్న సామెత ఇది. అగ్నిమాపక దళాల చరిత్ర చదివినప్పుడల్లా మాకు ఇదే గుర్తుకు వస్తుంది. నీళ్లు లేక కాలిపోయిన ఊళ్లు ఉన్నాయి. కాని నీళ్లూ, మనుషులూ, ధైర్యమూ ఉండి కూడా, 'ఇది చేయండి' అని చెప్పే ఒక్క గొంతు లేక జరిగిన నష్టం తక్కువ కాదు. ఎండాకాలం వస్తే చుట్టూ కొండలు ఎండుగడ్డితో నిండిపోయే ఈ శాంటా క్లారా లోయలో కాపురముంటున్న మన కుటుంబాలు ఆ చరిత్రను తెలుసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

ముందుగా భారతదేశపు ఉదాహరణ చూద్దాము. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడలో నిప్పంటుకుంది. అందులో పత్తి బేళ్లతో పాటు సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రి ఉంది. మధ్యాహ్నం పొగ కనిపించింది. సాయంత్రం నాలుగు దాటగానే ఓడ పేలింది. ఆ నడుమ ఓడ కెప్టెను, రేవు అధికారులు, సైన్యపు ఆయుధ శాఖవారు, అగ్నిమాపక దళంవారు అందరూ అక్కడ ఉన్నారు. ఓడను ముంచివేయాలా, రేవు బయటికి లాగివేయాలా, ఉన్నచోటనే నీళ్లు కొట్టాలా అన్న విషయంలో అందరూ తలవంచవలసిన ఆజ్ఞ ఒక్కటీ వెలువడలేదు. 66 మంది అగ్నిమాపక సిబ్బంది విధి నిర్వహణలో ప్రాణాలు కోల్పోయారు. వారి స్మృతికే భారతదేశంలో ఏటా ఏప్రిల్ 14ను అగ్నిమాపక సేవా దినంగా పాటిస్తారు. గొట్టం పట్టుకున్నవారి ధైర్యంలో లోపం లేదు. నిర్ణయం చేయవలసిన చోట లోపం ఉంది.

ఇదే పాఠాన్ని కాలిఫోర్నియా 1970లో నేర్చుకున్నది. ఆ సంవత్సరం శరత్కాలంలో 13 రోజుల పాటు దక్షిణ కాలిఫోర్నియా కొండలు తగలబడ్డాయి. 16 మంది మరణించారు. సుమారు 700 కట్టడాలు, ఐదు లక్షల ఎకరాలు కాలిపోయాయి. ఎన్నో దళాలు సహాయానికి వచ్చాయి. కాని ఒకరి రేడియో మరొకరికి వినపడదు. ఒకరు వాడే మాట మరొకరికి వేరే అర్థమిస్తుంది. ఒకే మంట మీద ఇద్దరు ముగ్గురు అధికారులు వేర్వేరు ఆజ్ఞలు ఇస్తారు. ఈ అనుభవం తరువాత అమెరికా అటవీశాఖ, రాష్ట్ర దళం, లాస్ ఏంజిలిస్ మొదలైన స్థానిక దళాలు కలిసి 'ఫైర్‌స్కోప్' అనే పేరుతో కృషి ప్రారంభించాయి. దాని ఫలితమే ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్, అనగా ప్రమాదస్థలంలో నాయకత్వ విధానం.

దాని సూత్రాలు చాలా సులువైనవి. మొదట చేరుకున్న అధికారి, చిన్న హోదావాడైనా సరే, అక్కడి నాయకుడు. పెద్ద చీఫ్ కారు దిగినంత మాత్రాన నాయకత్వం ఆయన చేతికి రాదు. ముందున్నవాని నుండి పరిస్థితి పూర్తిగా విని, 'ఇక నేను తీసుకుంటున్నాను' అని చెప్పి, ఆ సంగతి అందరికీ తెలిపిన తరువాతనే వస్తుంది. ప్రతి మనిషికి పై అధికారి ఒక్కరే. ఒక్కరి కింద ముగ్గురి నుండి ఏడుగురు, సాధారణంగా ఐదుగురు. రేడియోలో రహస్య సంకేతాలు వాడక అందరికీ తెలిసిన మాటలే వాడాలి. బడిలో ఫైర్ డ్రిల్ చేసిన ఉపాధ్యాయులమైన మాకు ఇది కొత్తగా తోచలేదు. ప్రతి టీచరు తన తరగతి పిల్లలను లెక్కపెట్టి ఒక్కరికే చెబుతుంది. ఆ ఒక్కరికి మాత్రమే బడి మొత్తం లెక్క తెలుస్తుంది.

విధానం కాగితం మీద ఉన్నంత మాత్రాన చాలదు. 1991 అక్టోబరు 20న మన పొరుగునున్న ఓక్‌లండ్ కొండలలో మంటలు చెలరేగి 25 మంది మరణించారు. వారిలో ఒక బెటాలియన్ చీఫ్ కూడా ఉన్నారు. బయటి ఊళ్ల నుండి వచ్చిన దళాల గొట్టాలు అక్కడి నీటి కుళాయిలకు సరిపడలేదు, రేడియోలు కలియలేదు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లు, అప్పుడు వెతుక్కుంటే ఏమి దొరుకుతుంది? ఆ తరువాతనే రాష్ట్ర శాఖలన్నీ ఒకే విధానం పాటించాలని కాలిఫోర్నియా చట్టం చేసింది. 2004లో దేశమంతటికీ ఈ పద్ధతి వచ్చింది. భారతదేశపు జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కూడా 2010లో దీనిని అక్కడి జిల్లా పరిపాలనకు తగినట్లు మార్చి మార్గదర్శకాలు వెలువరించింది.

విధానంతో పాటు నమ్మకం కావాలి. 1949 ఆగస్టు 5న మాంటానాలోని మాన్ గల్చ్‌లో మంట తరుముకొస్తుంటే వాగ్నర్ డాడ్జ్ అనే ఫోర్‌మన్ తన ముందున్న గడ్డికి తానే నిప్పు పెట్టి, కాలిన ఆ నేల మీద పడుకోమని తన వారిని పిలిచాడు. ఎవరూ వినలేదు. ఆయన బ్రతికాడు, 13 మంది చనిపోయారు. ఆయన ఉపాయం సరైనదే. కాని ఆ బృందంతో ఆయన ఎక్కువగా కలిసి శిక్షణ పొందలేదు. కష్టకాలంలో నాయకుని మాట చెల్లాలంటే మామూలు రోజులలోనే ఆ మాటకు విలువ ఏర్పడి ఉండాలి.

ఇక మన కౌంటీ సంగతి. 2020 ఆగస్టులో వానలేని మెరుపులకు శాంటా క్లారా, దాని చుట్టుపక్కల కౌంటీలలో పలుచోట్ల నిప్పంటుకుని 3,96,000 ఎకరాలకు పైగా కాలింది. అదే వారంలో రాష్ట్రమంతటా మంటలు ఉండడం వలన మనుషులు చాలలేదు. అయినా మౌంట్ హామిల్టన్ మీది లిక్ అబ్జర్వేటరీ గుమ్మటాలను దళాలు కాపాడాయి. ఉన్న కొద్దిమందిని ఎక్కడ నిలపాలి, ఏ కొండను వదులుకోవాలి అన్నది ఎవరో ఒకరు నిర్ణయించవలసిందే. వదులుకోవడం కూడా నాయకుని పనే.

ఈ చరిత్రలో మన వంతు కూడా ఉన్నది. 'ఇల్లు వదలి వెళ్లండి' అన్న ఆజ్ఞ వచ్చినప్పుడు పదిమందికి ఫోన్లు చేసి పది సలహాలు అడగక, మొదటి మాటకే బయలుదేరడం మన ధర్మం. ప్రతి ఇంట్లోనూ ఆ రోజు ఎవరి మాట వినాలో, ఎక్కడ కలుసుకోవాలో ముందుగానే అనుకోవాలి. మన పిల్లలలో ఇంజనీర్లు, డాక్టర్లు చాలామంది ఉన్నారు. వారిలో కొందరైనా అగ్నిమాపక దళంలో చేరి, రేపు ఏదో ఒక కొండ మీద స్పష్టమైన ఆ ఒక్క గొంతు కావాలని ఆశిస్తున్నాము.