ఉప్పు గోడల ఊరు సివా

చినుకు పడితే ఎడారి పండుగ చేసుకుంటుందని అనుకుంటాం. ఈజిప్టులోని సివాకు మాత్రం పెద్దవాన అంటే హడలు. అక్కడి పాతకోట షాలీని కట్టింది ఉప్పుతో మరి!

లిబియా సరిహద్దుకు సుమారు 50 కిలోమీటర్ల ఇవతల ఉన్న ఒయాసిస్సు ఇది. మధ్యధరా తీరాన ఉన్న మర్సా మత్రూహ్ నుంచి దక్షిణంగా 300 కిలోమీటర్లు బోసినేల మీద ప్రయాణించాలి. ఆపైన సముద్రమట్టానికి దిగువన ఉన్న పల్లంలో ఖర్జూర, ఆలివ్ తోటలు, ఊటలు, ఉప్పు సరస్సులు కనిపిస్తాయి. వాటికి దక్షిణాన ఇసుక తిన్నెల మహాసాగరం. ఈజిప్టును జయించిన పర్షియా రాజు కాంబిసెస్ ఇక్కడి ఆలయం మీదికి పంపిన సైన్యం దారిలో ఇసుక తుపానులో సమాధి అయిందని హెరోడోటస్ రాశాడు.

ఆ ఆలయం అఘూర్మీ గుట్ట మీద ఇప్పటికీ ఉంది. అమున్ దేవుడి వాక్కు వినడానికి క్రీ.పూ. 331లో అలెగ్జాండర్ అంతటివాడు ఎడారి దాటి వచ్చాడు.

షాలీ 13వ శతాబ్దం నాటిది. దాడుల నుంచి తప్పించుకోవడానికి సివా జనం గుట్ట మీద ఇళ్లను ఒకదానిపై ఒకటి పేర్చి కట్టుకున్నారు. సరస్సు ఒడ్డున తవ్విన ఉప్పుగడ్డలను తడిమట్టితో అతికిస్తారు. ఆరేకొద్దీ మట్టిలోని ఉప్పు గడ్డకట్టి గోడంతా ఏకశిల అయిపోతుంది. దీన్ని కెర్షీఫ్ అంటారు. దగ్గరికెళ్లి చూస్తే బూడిదరంగు మట్టిలో పలుకులు మెరుస్తుంటాయి. ఎండ ఎంత కాసినా లోపల చల్లగా ఉంటుంది. నీళ్లకు మాత్రం కరిగిపోతుంది.

1926లో మూడు రోజులు ఎడతెరిపి లేని వాన. గోడలు కరిగి కూలాయి. జనం కిందికి దిగి కొత్త ఇళ్లు కట్టుకున్నారు. తర్వాత సిమెంటు వచ్చింది, వేడీ వచ్చింది. యూరోపియన్ యూనియన్ సాయంతో షాలీకి చేసిన మరమ్మతులు 2020లో పూర్తయ్యాయి. వాటికీ కెర్షీఫ్‌నే వాడటం మెచ్చుకోదగ్గ పని. చేతిపని బతికితేనే కోట బతుకుతుంది.

భాష కూడా వీళ్లది వేరు. ఇంట్లో మాట్లాడేది సివీ, బెర్బర్ భాషల్లో తూర్పు కొసన ఉన్నది. అక్టోబరులో, ఖర్జూరం కోతల వేళ, దక్రూర్ కొండ దగ్గర ఊరంతా ఒకే పంక్తిలో భోంచేసి పాత తగాదాలు మరిచిపోతారు. సివా వెళ్లదలచినవాళ్లు ఆ రోజుల్లో వెళ్లాలి.

కోట నిలబడింది కానీ తోటలకు గండం పొంచి ఉంది. లెక్కకు మించి తవ్విన బావుల నీళ్లు బయటికి పోయే దారిలేక ఉప్పు సరస్సులను ఉబ్బిస్తున్నాయి, పొలాలు చవుడు బారుతున్నాయి. సివాకు ముందుగా కావాల్సింది ఆ బావులకు కట్టడి.