పదేళ్ల లెక్క

ఇన్‌వాలిడ్ పెన్షన్ గురించి నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను.

పనిలో దెబ్బతగిలిన కార్మికుడికి 1923 నాటి నష్టపరిహార చట్టం, తర్వాత 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టం ఆసరా ఇచ్చాయి. ప్రభుత్వోద్యోగికి జబ్బు చేసి పనిచేసే శక్తి శాశ్వతంగా పోతే మాత్రం ఉన్న దారి ఇన్‌వాలిడ్ పెన్షనే. మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అనాలి, పదేళ్ల సర్వీసు ఉండాలి. పదేళ్లు లేకపోతే నెలనెలా పెన్షన్ లేదు. ప్రతి ఆరు నెలల సర్వీసుకు అర నెల జీతం చొప్పున ఒక్కసారి ఇచ్చి పంపేస్తారు. అంటే తొమ్మిదేళ్లకు తొమ్మిది నెలల జీతం. రిటైర్మెంట్ గ్రాట్యుటీ కలిపినా చిన్న మొత్తమే.

1980లలో నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షనులో ఉండగా ఒక జీపు డ్రైవరు వచ్చి, "సార్, నాకు పదేళ్లు నిండటానికి ఇంకా ఎన్నాళ్లుందండీ?" అని అడిగాడు. సర్వీసు రిజిస్టరు చూసి, ఏడాది అన్నాను. అప్పుడు చెప్పాడు, చీకటి పడితే దారి కనిపించడం లేదని. ముగ్గురు పిల్లలవాడు. నేను నోరు మెదపలేదు.

ఏడు నెలల తర్వాత ఒక సాయంత్రం క్యాంపు నుంచి వస్తూ జీపును కల్వర్టుకు కొట్టాడు. పక్కనున్న అటెండరు చెయ్యి విరిగింది. బోర్డు అన్‌ఫిట్ అంది. పెన్షన్ రాలేదు. ముందే ఎందుకు చెప్పలేదని అందరూ అతన్నే అడిగారు. నన్నెవరూ అడగలేదు.

1995 వికలాంగుల చట్టం 47వ సెక్షను ఈ పరిస్థితిని మార్చింది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని ఉద్యోగిని తీసెయ్యరాదు. అదే జీతంతో చేయగల పని ఇవ్వాలి. అలాంటి ఖాళీ లేకపోతే సూపర్‌న్యూమరరీ పోస్టులో ఉంచాలి. కాలు పోయిన కానిస్టేబులు కునాల్ సింగ్ కేసులో, ఇన్‌వాలిడ్ పెన్షన్ ఇచ్చినా ఈ రక్షణ పోదని 2003లో సుప్రీంకోర్టు చెప్పింది. 2016 చట్టం 20వ సెక్షనులోనూ ఈ హక్కు ఉంది. పాత పెన్షన్ నిబంధనల కిందనున్న కేంద్ర ఉద్యోగులకు ఇన్‌వాలిడ్ పెన్షన్‌లో పదేళ్ల షరతును 2019 జనవరిలో తొలగించారు.

మన పిల్లలు, అల్లుళ్లు, కోడళ్లు చాలామంది సర్వీసులో ఉన్నారు. ఒంట్లో శక్తి తగ్గితే దాచవద్దనీ, తొందరపడి రిటైర్మెంటు కాగితం మీద సంతకం చేయవద్దనీ, ముందుగా వేరే పని కోరుతూ లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇవ్వమనీ చెప్పండి. ఆనాడు నేను ఆ డ్రైవరుకు చెప్పడానికి ఇలాంటి సెక్షను లేదు. కానీ జీపు దిగమని చెప్పడానికి ఏ సెక్షనూ అక్కర్లేదు.